మజ్జిగ తాగిన మగచెట్టు

అనంతరామయ్యకి ఉన్నంత కుళ్ళు మొత్తం ఎష్‌బోర్న్‌లో ఇంకెవరికీ లేదండీ. జర్మనీలో చెత్తకి రంగుకో డబ్బా పెడతారు కదా, ఈయన కుళ్ళుకి సరిపడా డబ్బా మాత్రం ఇంకా తయారవలేదు.

పేరు చూసి ముసలాయన అనుకునేరు. తాతగారి పేరు పెట్టారంతే. కుర్రాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా వచ్చి ఆఫీసు మూసేసరికి మనిషి సోఫాకి అతుక్కుపోయాడు. ఆ సోఫాలో ఆయన కూర్చున్నచోట పడ్డ గుంటలో నీళ్ళు పోస్తే చేపలు పెంచుకోవచ్చు.

అలాంటి ఒక రోజున ఆయన భార్య రాజ్యశ్రీ వంటింటి కిటికీలోంచి పక్కింటి తోటకేసి చూసి నిట్టూర్చింది. పక్కింట్లో రవీంద్రనాథ్, స్నిగ్ధ అని వరంగల్ జంట. వాళ్ళ తోటలో హాలీ పొద ఒకటుంది. ఆకుల అంచులకి ముళ్ళు, చలికాలం ఆ ఆకుల మధ్య ఎర్రెర్రటి కాయలు. క్రిస్మస్‌కి దొరలు గుమ్మాలకి కట్టుకుంటారే, అదే.

"రవీంద్రనాథ్ గారి చేతిలో ఏదో మహిమ ఉందండీ," అంది రాజ్యశ్రీ.

పొద సంగతి ఆయనకి పట్టలేదు. చెయ్యి సంగతి పట్టింది. ఆ పూట అన్నంలో ఆవకాయ కలుపుకుంటూ తన చెయ్యి తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

మర్నాడు మాస్కు తగిలించుకుని, గార్టెన్‌సెంటర్ ముందు మీటరున్నర దూరంలో క్యూ కట్టి, ఉన్న హాలీల్లోకల్లా ఏపైనదాన్ని, తనకన్నా జానెడు పొడుగున్నదాన్ని కొన్నాడు. వెనకాల పట్టక ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. దారిపొడుగునా అది గుచ్చుతూనే ఉంది. రాజ్యశ్రీ పక్కన కూర్చున్నట్టే అనిపించిందిట.

తెచ్చి కంచె పక్కన నాటాడు గానీ, జర్మన్లు దానికేం ఎరువు వేస్తారో ఆయన కనుక్కోలేదు. కాకినాడలో వాళ్ళమ్మ కరివేపాకు చెట్టుకి పుల్లమజ్జిగ పోసేది. కరివేపాకుకి పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదూ అని సూపర్‌మార్కెట్లో బుట్టర్‌మిల్ష్ డబ్బాలన్నీ ఎత్తుకొచ్చేవాడు. ఊరంతా టాయిలెట్ పేపర్ కోసం కొట్టుకుంటుంటే ఈయన మజ్జిగ కోసం కొట్టుకున్నాడు. రాజ్యశ్రీ మజ్జిగపులుసు పెడతానంటే, చెట్టు తాగాక మిగిల్తే చూద్దాం అన్నాడు.

ఆ మజ్జిగ మహిమేమో, చెట్టు మేడమీద కిటికీ దాకా లేచింది. ఆ రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగే ఒకటీ అరా విమానాలు కూడా దాన్ని చూసి పక్కకి తప్పుకునేవి. మే నెల రాగానే ఒళ్ళంతా తెల్లటి పూలు, వాటి నిండా తేనెటీగలు. అనంతరామయ్య కుర్చీ దాని పక్కనే వేసుకుని మీటింగులు కానిచ్చేవాడు.

తీరా చలికాలం వచ్చాక ఆయన చెట్టుకి ఒక్క కాయ లేదు. రవీంద్రనాథ్ పొద మాత్రం పుట్టి బుద్ధెరిగాక కాయనంత కాసింది.

"ఆయన మజ్జిగ కూడా పొయ్యరుట. ఊరికే అలా చూస్తారుట, అంతే," అంది రాజ్యశ్రీ.

ఇక ఈయన యూట్యూబ్ మీద పడ్డాడు. అప్పుడు తెలిసింది. హాలీలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. కాసేది ఆడదే. అదీ చుట్టుపక్కల మగది పూస్తేనే. ఏపుగా ఉందని ఈయన తెచ్చుకున్నది మగచెట్టు. తేనెటీగలు దీని పూల మీంచి లేచి, కంచె దాటి, తిన్నగా రవీంద్రనాథ్ పొద మీద వాలుతున్నాయి.

"మజ్జిగ నాది, కాపు వాడిదీనా?" అని ఆయన గొణుక్కోని రోజు లేదు.

మళ్ళీ మే వచ్చింది, మళ్ళీ పూసింది. ఆరోజు ఆదివారం. ఆదివారంనాడు అక్కడ మిషను చప్పుడు చేస్తే వీధివీధంతా తలుపు తడుతుంది. అందుకని కొత్తిమీర కత్తిరించే కత్తెర పట్టుకుని నిచ్చెనెక్కాడు. పువ్వున్న కొమ్మ ఒక్కటి వదల్లేదు. దిగేసరికి చెట్టు తిరుపతి వెళ్ళొచ్చినట్టుంది, ఈయన పిల్లితో కుస్తీ పట్టినట్టున్నాడు.

రాజ్యశ్రీ గీరుకుపోయిన చేతులకి పసుపు రాసింది. కొమ్మలు నేను పారేస్తాలెండి, మీరు పడుకోండి అంది. ఎంత మంచి భార్య అనుకుంటూ పడుకున్నాడు.

ఆ డిసెంబరు కోసం ఆయన చిన్నపిల్లాడిలా ఎదురుచూశాడు. తీరా పొద్దున్నే పరదా తీసి చూస్తే ఏముంది, పక్కింటి పొద కాయల బరువుకి వంగిపోయి, కింద కర్ర పోటు పెట్టి ఉంది.

కంచె అవతల రవీంద్రనాథ్ మాస్కు గడ్డం కిందకి లాగి దణ్ణం పెట్టాడు. "అంత మీ పూలకొమ్మల పుణ్యమే అన్నా. వదిన తెచ్చిచ్చింది. బకెట్ల నీళ్ళు వోసి మా చెట్టు పక్కన వెట్టినం. తేనెటీగలు జాతరకొచ్చినట్టు వచ్చినయ్."

అనంతరామయ్య వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. రాజ్యశ్రీ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"కొమ్మలు పారేస్తానన్నావుగా."

"పారేశానుగా. కంచె అవతల."

"నువ్వు నాకు పెళ్ళానివా, వాళ్ళకి తోటమాలివా?"

"వాళ్ళ చెట్టు కాయకపోతే మీ కుళ్ళు చల్లారిపోతుంది," అంది, చెయ్యి ఆపకుండా. "అది చల్లారిందా, మీరు కుర్చీలోంచి లేవరు. స్నిగ్ధకీ అదే బాధ. అందుకని కంచె దగ్గర మాట్లాడుకున్నాం. నేను మీ దగ్గర వాళ్ళాయన్ని పొగుడుతాను, అది వాళ్ళాయన దగ్గర మిమ్మల్ని పొగుడుతుంది. మీ చెట్టు పొడుగు చూసి కుళ్ళిపోయి ఆయన తోటంతా తవ్వి టమాటాలు వేశాడు."

అనంతరామయ్యకి కోపం రావాల్సింది. ముందు వేరే అనుమానం వచ్చింది. "నన్ను చూసి కుళ్ళుకున్నాడా? గట్టిగానేనా?"

"అన్నం కూడా సహించలేదుట."

ఆయన మొహం వెలిగింది. అంతలోనే జరిగిన అవమానం గుర్తొచ్చి బిగుసుకున్నాడు. ఇక నీ ఎత్తులు నా దగ్గర సాగవు, అన్నీ తెలిసిపోయాయి అని గట్టిగా చెప్పాడు. ఆవిడ ఒప్పుకుంది. ఇంకో చిక్కుడుకాయ తీసింది.

"నిన్న ఆయన బాత్రూం పలకలు తోమారుట. అద్దాల్లా ఉన్నాయని స్నిగ్ధ అంటోంది."

అనంతరామయ్య నవ్వాడు. ఇదీ ఎత్తే, నాకు తెలియదా అన్నాడు. కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"అద్దాల్లా అంటే, మొహం కనబడేంతా?"

"తల కూడా దువ్వుకోవచ్చుట."

కాయలు ఒలవడం అయిపోకముందే బాత్రూంలోంచి బ్రష్షు చప్పుడు మొదలైంది.