తొలి పేషెంట్ స్నిగ్ధ

"బిడ్డ ఊపిరికి ప్రభుత్వం పూచీ" అంటూ మైకు కట్టిన ఆటో మూడు రోజులు ఊళ్లన్నీ తిరిగింది. మంగళవారం ఒక్కరోజే నాలుగు మండలాల్లో నాలుగు చిన్నపిల్లల ప్రత్యేక వైద్య విభాగాలను మంత్రిగారు స్వహస్తాలతో ప్రారంభిస్తారని, ఇలాంటి ఘనకార్యం దేశంలో ఇంతవరకు ఎక్కడా జరగలేదని ఆ మైకు చెప్పింది. జరగలేదన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

బండమీదిపల్లి మల్లవ్వకు దేశం సంగతి పట్టలేదు. ఆమె ధ్యాసంతా మనవరాలు స్నిగ్ధ మీదే. పిల్లకు ఐదేండ్లు. కొడుకు మందుల ఫ్యాక్టరీలో, కోడలు ప్యాకింగులో; ఇద్దరికీ షిఫ్టులే. ఫ్యాక్టరీల దిక్కు నుంచి గాలి మళ్లిందంటే చాలు, పిల్ల రొమ్ములో పిల్లికూతలు మొదలు. ఈసారి మొదలైన కూతలు రెండ్రోజులైనా ఆగలేదు. మాట మధ్యలో ఆగి ఆగి ఊపిరి తీసుకుంటున్నది. మందుల షాపాయన చూసి, "గోలీలతోని కాదు అవ్వా, పిల్లల డాక్టర్ కావాలె, మిషన్ కావాలె" అన్నాడు. అప్పుడే మైకు ఆటో పోయింది.

మంగళవారం పొద్దున్నే పిల్లను చంకనేసుకుని మల్లవ్వ ఊరి ఆసుపత్రికి పోయేసరికి కొత్త గది గోడల మీద కుందేళ్లు క్యారెట్లు తింటున్నాయి. గదిలో ఒక మంచం, ఒక మిషన్, ఒక డాక్టరమ్మ. అన్నీ కొత్తవే. గుమ్మంలో పార్టీ మండలాధ్యక్షుడు నర్సింహులు ఇస్త్రీ నలగకుండా నిలబడి దిక్కులు చూస్తున్నాడు. మంత్రిగారు వచ్చేసరికి మంచం ఖాళీగా ఉండొద్దని ఆయన బెంగ.

"అవ్వా, దేవతలెక్క వచ్చినవ్. పిల్లకు నిజంగనే పాణం బాగలేదా?"

"నిజంగనే బిడ్డా."

"ఇంకా మంచిది. పండవెట్టు."

డాక్టరమ్మ పేరు అలేఖ్య. వీపు మీద గొట్టం పెట్టి విన్నది, మొహం ముడిచింది. "మామ్మగారూ, రెండు గంటలకోసారి చొప్పున నాలుగుసార్లు మందు పొగ పట్టాలండి. సాయంత్రం దాకా నా కళ్లముందే ఉండాలి. తగ్గకపోతే సిటీకి పంపేస్తాను" అని మిషన్ ఆన్ చేసింది. పొగ మొదలైన పావుగంటకు మంత్రిగారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించి, పిల్ల తలమీద చెయ్యి పెట్టి, కెమెరా వైపు తిరిగి, "ఈ పాప ఊపిరే నా ఊపిరి" అన్నారు. మల్లవ్వ కళ్లు తుడుచుకుంది. అబద్ధం చెప్పకూడదు, ఆ మాట అన్న తీరు అలాంటిది.

మంత్రిగారి కాన్వాయ్ గేటు దాటిందో లేదో, సామాన్లు మోసే డీసీఎం వ్యాను డ్రైవర్ వీర్రాజు ఇద్దరు హమాలీలతో వచ్చి మిషన్ వైరు పీకాడు.

"గదేంది బిడ్డా, గట్ల తీస్తున్నవ్?"

జిల్లా ఆరోగ్యాధికారి చంద్రకాంత్ ఎంతో ఓపికగా చెప్పారు. "తీయడం కాదమ్మా, షేరింగ్. ఒక్క మంచాన్ని ఒక్క ఊళ్లోనే కట్టేస్తే మిగతా మూడూళ్ల పిల్లలకు అన్యాయం కదా."

"డాక్టరమ్మ?"

"ఆమె కూడా షేరింగే."

మల్లవ్వ రెండు చేతులతో మంచం కోడు పట్టుకుంది. "మంచం తీస్కపోండ్రి సారూ. పిల్ల మాత్రం దిగది."

చంద్రకాంత్ నర్సింహులు వైపు చూశారు. నర్సింహులు ఒక్క నిమిషం ఆలోచించాడు. ఆయన మండలాధ్యక్షుడు ఊరికే కాలేదు. "రానియ్యుండ్రి సార్. ముందటూళ్లల్ల పేషెంట్‌ను దేవులాడే పని తప్పుతది."

అలా మంచం, మిషన్, పిల్ల, అవ్వ వ్యానెక్కారు. రెండో ఊళ్లో మళ్లీ కుందేళ్లు, మళ్లీ రిబ్బన్. రెండో పొగ పట్టారు. నర్సింహులు పిల్లకు కొత్త గౌను తొడిగించాడు. మంత్రిగారు ఈ పాప ఊపిరే తమ ఊపిరి అన్నారు. పటాన్‌చెరు కాడ లారీల మధ్య గంట ఇరుక్కున్నప్పుడు అలేఖ్య వ్యాను వెనక్కెక్కి పిల్ల రొమ్ము విన్నది. "ఆయాసం దిగుతోందండి" అన్నది. మూడో ఊళ్లో రెండు జడలేశారు. మూడో పొగకు కూతలు సన్నబడ్డాయి. పిల్ల అన్నం అడిగింది. మల్లవ్వ వీర్రాజు టిఫిన్ డబ్బాలోంచే పప్పన్నం కలిపి పెట్టింది.

నాలుగో ఊళ్లో పొగ పట్టాక పిల్ల మంచమ్మీద ఎగరడం మొదలుపెట్టింది. నర్సింహులుకు చెమట పట్టింది. "అవ్వా, గింత హుషారుగుంటే పేషెంటని ఎవలు నమ్ముతరు? జెర మూల్గుమను."

"రెండు రోజులు మూల్గింది బిడ్డా. గప్పుడు నువ్వు రాలే."

మంత్రిగారు వచ్చారు. తలమీద చెయ్యి పెట్టారు. "ఈ పాప" అన్నారు.

"ఊపిరే నా ఊపిరి" అన్నది స్నిగ్ధ.

గదంతా చప్పట్లు. తమ సందేశం పసిపిల్లల దాకా చేరిపోయిందని మంత్రిగారు పొంగిపోయారు.

పొద్దుగూకుతుండగా అలేఖ్య చీటీ రాసింది. "తగ్గింది కానీ మామ్మగారూ, రేపు తప్పకుండా ఇంకోసారి పట్టాలి. మానేస్తే తిరగబెడుతుంది."

"ఏడికి రావాలె డాక్టరమ్మా?"

డాక్టరమ్మ చంద్రకాంత్‌ను చూసింది. ఆయన నర్సింహులును చూశారు. నర్సింహులు ఫ్లెక్సీలో మంత్రిగారిని చూశాడు. మంచం తాళ్లు బిగిస్తున్న వీర్రాజు ఒక్కడే జవాబు చెప్పాడు. "పొద్దుగాల ఎనిమిదింటికి అమీన్‌పూర్ రోడ్డు మలుపు కాడ నిలవడు."

తెల్లారి పేపర్లో నాలుగు ఫొటోలు పడ్డాయి. నాలుగు విభాగాల్లో చేరిన నలుగురు తొలి పేషెంట్లూ అదే రోజు పూర్తిగా కోలుకుని ఇంటికి వెళ్లారని, ఇది రికార్డని రాశారు.

ఎనిమిదింటికి మల్లవ్వ పిల్లతో మలుపులో నిలబడింది. రాత్రి గాలి మళ్లీ మళ్లింది, పిల్ల రొమ్ములో సన్నగా కూత. వ్యాను వచ్చి ఆగింది. నర్సింహులు తల బయటపెట్టాడు.

"అవ్వా, ఇయ్యాల పిల్లలది కాదు. కండ్ల దవాఖానలు. నాలుగు ఓపెనింగులున్నయ్."

"మిషన్ ఉన్నదా?"

"గదే. కండ్ల మిషన్ అని స్టిక్కరేసినం."

"డాక్టరమ్మ?"

నర్సింహులు ముందు సీటు వైపు చూపించాడు. అలేఖ్య కొత్త బ్యాడ్జీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి అటువైపు చూస్తోంది.

"మరి పిల్లకు కండ్లల్ల ఏమన్నా ఉన్నదా అవ్వా?" అన్నాడు నర్సింహులు.

మల్లవ్వ మనవరాలి మొహంలోకి ఒకసారి తేరిపార చూసింది.

"రాత్రి సంది జెర మసకమసక అంటున్నది" అని పిల్లను ఎత్తి వ్యానులోని మంచమ్మీద పండబెట్టింది.