చీటీలు తీసిన డాక్టరు

మనుషులింకా రోడ్డు వేయని ఒక పెద్ద అడవిలో ప్రసూతి ఆసుపత్రి ఉండేది. పెద్ద డాక్టరు వరాహమూర్తి అనే అడవిపంది. చిన్న డాక్టరు భల్లూకమ్మ అనే ఎలుగుబంటి.

నెలలు నిండినా నొప్పులు రాకపోతే వరాహమూర్తి మాత్ర వేసేవాడు. భల్లూకమ్మ సెలైన్లో మందు ఎక్కించేది. లావుపాటి తల్లులకు ఏది మేలో తేల్చమన్నాడు సింహరాజు.

"ఎవరికి ఏ మందో చీటీలు వేద్దాం సార్," అంది భల్లూకమ్మ.

"భేషుగ్గా వేద్దాం. తీసేది మాత్రం నేనే," అన్నాడు వరాహమూర్తి.

విచిత్రం! మాత్ర చీటీలన్నీ జింకలకే వచ్చాయి. అడవిదున్నలన్నీ సెలైన్ వైపు పోయాయి.

"సార్, జింకలు లావుపాటి తల్లులేమిటి?"

"నిండు చూలాళ్లమ్మా! పొట్టలు కనబడటం లేదూ?"

జింకలు ఒక్క పూటలో కనేశాయి. దున్నలకు రెండు రోజులు పట్టింది. ఇంకేం, మాత్రే గెలిచిందని వరాహమూర్తి రాజుకు నివేదిక రాసిచ్చాడు. లావుపాటి తల్లులకు ఇకపై మాత్రే వాడాలనీ, సెలైన్ పెట్టినవాళ్ల ఉద్యోగం ఊడుతుందనీ రాజముద్ర పడింది. వరాహమూర్తికి సన్మానం కూడా జరిగింది.

నెల తిరక్కుండానే ఆయన భార్య కుందనమ్మ ఆసుపత్రిలో చేరింది. అడవి మొత్తంలో అంత బరువైన పంది లేదు. గడువు దాటి వారమైంది. మాత్ర వేశారు. నొప్పుల్లేవు. ఇంకోటి వేశారు. అయినా లేవు. మర్నాటికి కడుపులో పిల్లల కదలిక తగ్గింది.

"ఏమండీ," అంది కుందనమ్మ భయంగా, "ఈ మాత్రతో నాలాంటి ఒళ్లున్నవాళ్లు ఎంతమంది కన్నారు?"

వరాహమూర్తి నేల చూపులు చూశాడు. "జింకలు..." అని గొణిగాడు.

"నేను మీ కళ్లకి జింకలా కనిపిస్తున్నానా?"

వరాహమూర్తి పరుగున వెళ్లి భల్లూకమ్మ కాళ్ల మీద పడ్డాడు. "సెలైన్ పెట్టు తల్లీ!"

"ఉద్యోగం పోయినా పెడతాను. ఈలోగా మీరు రాజుగారికి చీటీల సంగతి చెప్పి రండి."

నిండు సభలో ఒప్పుకున్నాడు. రాజు నివేదిక చింపేసి, అతన్ని పదవిలోంచి దింపేశాడు. భల్లూకమ్మ ఒకటిన్నర రోజు మంచం పక్కనుంచి కదలలేదు. చివరికి ఐదు పిల్లలు క్షేమంగా పుట్టాయి.

"మరి లావుపాటి తల్లులకు ఏ మందు మేలు?" అడిగాడు రాజు.

"ఇంకా తెలీదు ప్రభూ. ఈసారి లావుపాటి తల్లులకే ఇచ్చి చూడాలి," అంది భల్లూకమ్మ.

నీతి: దొంగ నివేదిక రాసేవాడు ఇంట్లోవాళ్ల కోసం ముందే వేరే ఆసుపత్రి చూసిపెట్టుకోవాలి.