లక్ష హిట్ల కబడ్డీ జట్టు

మల్కాపురం ఆడపిల్లల కబడ్డీ కూత ఇకనుంచి నూట నలభై దేశాల్లో వినపడుతుందని జిల్లా కబడ్డీ వికాస మండలి అధ్యక్షులు గురునాథరావుగారు ప్రకటించారు. రెండువేల సంవత్సరం ఆగస్టులో, బీచ్ రోడ్డు హోటల్లో, పత్రికలవాళ్లకి భోజనం పెట్టి మరీ ప్రకటించారు. దేశాల లెక్క ఎలా తేలిందని ఒక విలేఖరి అడిగితే, మిగతా దేశాల్లో కరెంటు సరిగ్గా ఉండదని చెప్పారు. విలేఖరి రాసుకున్నాడు.

ముందు వరసలో, ఏసీ చలికి చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్న ఎల్లారావుకి కళ్లు చెమర్చాయి. ఎల్లారావు పోర్టులో కళాసీ. వయసులో ఉన్నప్పుడు మంచి రైడరు. ఆరేళ్లుగా ఆయిలు ట్యాంకుల వెనక ఉన్న ఖాళీ జాగాలో ఇసక పోసి, పన్నెండుమంది ఆడపిల్లలకి పొద్దున్న అయిదున్నరకి కబడ్డీ నేర్పుతున్నాడు. కొందరు కాంట్రాక్టు కూలీల పిల్లలు, కొందరు బోటు మీద వేటకి వెళ్లేవాళ్ల పిల్లలు. కెప్టెన్ గంగాభవాని కూతకి వెళ్తే అవతలి జట్టు ఏడుగురూ వెనక గీత దగ్గరికి జరిగిపోయేవాళ్లు.

పదిరోజుల క్రితం ఎల్లారావు గురునాథరావుగారి దగ్గరికి ఒక అర్జీ పట్టుకెళ్లాడు. నవంబరులో రాజమండ్రిలో రాష్ట్రస్థాయి పోటీలు. పదమూడు రైలు టిక్కెట్లు ఇప్పించాలి. గురునాథరావుగారు అర్జీని రెండుసార్లు చదివారు. చాలాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు.

"ఎల్లారావ్, నువ్వు నన్ను రాజమండ్రి అడిగావు. నేను నీకు ప్రపంచం ఇస్తున్నాను" అన్నారు.

"ప్రపంచం తరవాతిద్దురు గాని బాబూ, ముందు రాజమండ్రి..."

"చిన్నగా ఆలోచించకు. వెబ్‌సైటు పెడుతున్నాం. ఫ్యాన్స్ వస్తారు. ఫ్యాన్సే ఫండ్స్ పంపుతారు. ప్రభుత్వం ముందు చెయ్యి చాచే రోజులు పోయాయి."

ఎల్లారావు చేతులు కట్టుకుని నుంచున్నాడు. ఆ మాటతో వాటిని ఏం చెయ్యాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

సైటు తయారుచేసే పని సుమంత్‌కి అప్పగించారు. సుమంత్ గురునాథరావుగారి పీఏ. కంప్యూటరు కోర్సు ఆరునెలలు చదివాడు. గ్రౌండుకి వచ్చి పన్నెండుమందికీ ఫోటోలు తీశాడు. ఒక్కో పిల్లనీ ఆశయం ఏమిటని అడిగి రాసుకున్నాడు. రాజమండ్రి వెళ్లడం అని పన్నెండుమందీ చెప్పారు. అది ఆశయంలా లేదని అందరికీ 'ఒలింపిక్స్' అని దిద్దుకున్నాడు.

సైటు తెరవగానే కూత వినపడాలన్నది గురునాథరావుగారి ఆలోచనే. ఆ కూత తన గొంతులోనే ఉండాలన్నదీ ఆయన ఆలోచనే. స్టూడియోలో నాలుగో కబడ్డీకి ఆయనకి ఆయాసం వచ్చింది. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టారు. ఇరవైరెండు ముక్కలుగా పాడినదాన్ని సుమంత్ ఒకటిగా అతికించాడు. నిమిషంన్నర ఊపిరి తీసుకోకుండా సాగిన ఆ కూత విని గంగాభవాని ఆశ్చర్యపోయింది.

"మేస్టారూ, ఈ బాబుని మన జట్టులో ఏసుకుంటే అయిపోయేది కదండీ" అంది.

సైటు విడుదలైన మర్నాడు ఎల్లారావు, గంగాభవాని గాజువాకలో నెట్ సెంటరుకి వెళ్లారు. గంటకి నలభై రూపాయలు. తెరమీద బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ముందు జుట్టు వచ్చింది. పావుగంటకి నుదురు వచ్చింది. తరవాత కళ్లజోడు వచ్చింది. అది గురునాథరావుగారని అప్పటికి తేలింది. పిల్లలు ఆయన కింద ఉంటారని సెంటరువాడు ధైర్యం చెప్పాడు. మీసం దగ్గర లైను తెగిపోయి మళ్లీ జుట్టు దగ్గరనుంచి మొదలైంది.

"పిల్లలు అగుపడ్డారేటి?" అని ఇంటికి రాగానే భార్య పాపాయమ్మ అడిగింది. ఆమె హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది.

"మీసం దాకా ఒచ్చాం" అన్నాడు ఎల్లారావు. ఆ గొంతులో నిరాశ లేదు. తన పిల్లలు అంత పెద్దమనిషి కింద ఎక్కడో భద్రంగా ఉన్నారని అతనికి తృప్తిగానే ఉంది.

పిల్లల ఫోటోల దాకా వెళ్లగలిగినవాడు ఒక్కడే, సీతారామాంజనేయులు. కూర్మన్నపాలెం మనిషి. మస్కట్‌లో క్రేను నడుపుతాడు. సెలవురోజు మధ్యాహ్నమంతా కూర్చుని కిందిదాకా చూశాడు. మన ఊరి పిల్లలు ఉత్త మోకాళ్లతో ఆడుతున్నారు, నీకాప్స్ కొనండి అని రాసి డ్రాఫ్టు పంపాడు. ఆ డ్రాఫ్టు మీద గురునాథరావుగారు మండలి సమావేశం పెట్టి, దాన్ని సైటు నిర్వహణకి మంజూరు చేశారు.

"సైటు లేకపోతే ఫ్యాన్స్ రారు. ఫ్యాన్స్ లేకపోతే ఫండ్స్ రావు. ఫండ్స్ లేకపోతే సైటు ఉండదు. మరి ముందు దేన్ని కాపాడుకోవాలి?" అని ఎల్లారావుని అడిగారు.

అక్కడ కూర్చున్నంతసేపూ ఎల్లారావుకి అర్థమైంది. బస్సెక్కాక మరిచిపోయాడు.

సెప్టెంబరు నుంచి హిట్స్ లెక్క మొదలైంది. హిట్ అంటే కొట్టడమని ఎల్లారావుకి తెలుసు. కబడ్డీలో కొట్టడం ఫౌలు కదా అని సందేహపడ్డాడు. హిట్ అంటే ఎవరైనా సైటు తెరిచి చూడటమని సుమంత్ చెప్పాడు. లక్ష దాటితే మంత్రిగారు వస్తారట. గురునాథరావుగారి పార్టీ కార్యకర్తలకి మండలాలవారీగా టార్గెట్లు ఇచ్చారు. పరవాడనుంచి రోజుకి మూడువందలు రావాలి. అక్కడ అప్పటికి కంప్యూటర్లు రెండే. ఒకటి పాడైంది. కార్యకర్తలు రెండోదాని ముందు వంతులు వేసుకుని కూర్చున్నారు. ఒకడు మౌసు మీద వేలు వాచి ఆసుపత్రిలో చేరితే గురునాథరావుగారు స్వయంగా వెళ్లి పళ్లు ఇచ్చి వచ్చారు. క్రీడల కోసం గాయపడిన తొలి కార్యకర్తగా అతని ఫోటో సైటులో, పిల్లల ఫోటోల పైన పెట్టారు.

ఒక ఆదివారం ఫ్యాన్స్‌తో చాటింగు పెట్టారు. ప్రాక్టీసు మానిపించి పన్నెండుమందినీ ఆఫీసులో కూర్చోబెట్టారు. సుమంత్ ప్రశ్న చదివేవాడు. గంగాభవాని జవాబు చెప్పేది. సుమంత్ టైపు చేసేవాడు.

"నీ విజయరహస్యం ఏమిటని దుబాయ్ నుంచి అడుగుతున్నారు."

"రాజమండ్రి ఎలగ ఎల్లాలో ఆల్లకేమైనా తెలుసేమో అడగండి."

సుమంత్ టకటకా కొట్టాడు.

"ఏటి రాసేరు?"

"ఫ్యాన్సే నా ఊపిరి అని రాశాను."

గంగాభవాని తల అడ్డంగా ఊపింది. "ఫ్యాన్సు ఊపిరితో కూత ఎల్లకూడదండి. సొంత ఊపిరుండాల" అంది. అది కూడా టైపు చేశాడేమోనని ఎల్లారావు తొంగిచూశాడు. సుమంత్ గుండె బొమ్మ ఒకటి పెట్టి పంపాడు.

నవంబరు మొదట్లో హిట్లు లక్షకి చేరువయ్యాయి. మంత్రిగారు తేదీ ఇచ్చారు. పందొమ్మిది, ఆదివారం. రాజమండ్రి పోటీలు ఆ ఒక్కరోజే. ఎల్లారావు పరుగున వెళ్లాడు.

"బాబూ, ఆ రోజే ఆటండి."

"రాజమండ్రిలో చూసేవాళ్లు ఎంతమంది?"

"రెండొందలుంటారండి."

"ఇక్కడ లక్ష. జట్టు స్టేజీ మీద ఉండాలి. నువ్వే చెప్పు, ఏది పెద్ద ఆట?"

ఎల్లారావు నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చుంటే అతనికి నిజంగానే తేలలేదు. మంత్రిగారు, స్టేజీ, పిల్లల మెడల్లో దండలు. మనసు అటు లాగింది. ఆ పిల్లలకి ఇప్పటిదాకా ఎవరు దండ వేశారు?

పాపాయమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తోంది. "ఆ లచ్చమందీ ఎప్పుడైనా ఆల్ల ఆట సూసేరా?" అని అడిగింది.

"మీసం దాకా సూసుంటారు."

"మరైతే రాజమండ్రిలో రెండొందలమందీ కాల్లదాకా సూత్తారు. మా తమ్ముడు అర్జునరావు సేపల లారీ ఆదివారం తెల్లారగట్ల అటే ఎల్తాది. అడుగుతాను."

ఆదివారం తెల్లవారుతుండగా పన్నెండుమంది పిల్లలూ ఎల్లారావూ చేపల లారీ ఎక్కారు. ఐసు పెట్టెల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. అర్జునరావు వెనక్కి తొంగిచూసి, "బావా, ఎవులైనా ఆపితే సేపలనే సెప్తాను, కదలొద్దు" అన్నాడు. తుని దాటేదాకా కదల్లేదు.

రాజమండ్రిలో దిగేసరికి అందరి బట్టలూ నీచు వాసన. మొదటి మ్యాచ్‌లో అవతలి పిల్లలు పట్టుకోవడానికి మొహమాటపడ్డారు. రెండో మ్యాచ్ కష్టపడి గెలిచారు. ఫైనల్లో ఊరి జట్టు, ఊరి జనం. చివరి నిమిషంలో ఒక పాయింటు వెనకబడ్డారు. గంగాభవాని కూతకి వెళ్లింది. నలుగురు మీద పడ్డారు. మోకాళ్లు చెక్కుకుపోయి, మొహం ఇసకలో ఈడ్చుకుపోతూ, కూత తెగకుండా, వేలికొసని నడిమి గీతకి తాకించింది. నాలుగు పాయింట్లకి రిఫరీ నాలుగు వేళ్లు చూపించాడు. ఎల్లారావు కూర్చున్నచోటే కూర్చుని తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. రెండువందలమందీ లేచి నుంచున్నారు.

అదే సాయంత్రం విశాఖలో లక్ష హిట్ల మహోత్సవం ఘనంగా జరిగింది. జట్టు కనపడకపోయినా గురునాథరావుగారు కంగారుపడలేదు. పెద్ద నాయకుల లక్షణం అదే. ద్వారకానగర్‌లో డ్యాన్సు స్కూలునుంచి పన్నెండుమంది అమ్మాయిలని రప్పించి జెర్సీలు తొడిగించారు. కుసుమకుమారి అనే పొడుగమ్మాయిని కెప్టెన్ గంగాభవాని అని పరిచయం చేశారు. మంత్రిగారు ముచ్చటపడి, "ఏదీ, ఒక్కసారి కూత పెట్టమ్మా" అన్నారు. కుసుమకుమారి సుమంత్ వైపు చూసింది. సుమంత్ క్యాసెట్టు వేశాడు. గురునాథరావుగారి గొంతుతో ఆ అమ్మాయి నిమిషంన్నర పెదాలు కదిపింది. ఆడపిల్ల గొంతులో అంత పౌరుషం ఉండటం రాష్ట్రానికి శుభసూచకమని మంత్రిగారు అన్నారు. ఆ ఫోటోలే సైటులో పెట్టారు. పాతవి తీసేశారు.

మర్నాడు పేపర్లలో రెండు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో మంత్రిగారి పక్కన మల్కాపురం జట్టు. ఇంకోదాంట్లో మోకాళ్లకి కట్లతో, కప్పుతో మల్కాపురం జట్టు. రెండింటి కిందా అవే పన్నెండు పేర్లు. మొహాలు మాత్రం వేరు. ఏది నిజమని మంత్రిగారి కార్యాలయం ఫోను చేసింది.

"మా జట్టు ప్రతిష్ఠ చూశారా? అప్పుడే నకిలీలు బయల్దేరాయి" అన్నారు గురునాథరావుగారు.

విచారణ జరిపించారు. విచారణాధికారి శ్రీరామ్మూర్తిగారు చాలా నిజాయితీపరుడు. మంచినీళ్లు కూడా ఇంటినుంచి తెచ్చుకున్నారు. ఎల్లారావు రేషన్ కార్డులు, బడి సర్టిఫికెట్లు బల్లమీద పరిచాడు. శ్రీరామ్మూర్తిగారు వాటిని పక్కకి జరిపి సైటు ప్రింటు తీశారు.

"వీళ్ల మొహాలు ఫోటోలతో సరిపోవడం లేదు."

"ఫోటోలే మార్సేరండి బాబూ."

"ఫోటో రికార్డు. మొహం రికార్డు కాదు."

"పోనీ, ఆడి సూపించమంటారా?"

"ఆట సాక్ష్యం కిందికి రాదు. ఆడటం ఎవరైనా ఆడతారు."

కప్పు స్వాధీనం చేసుకున్నారు. ఇకముందు ఇలా గెలవబోమని పిల్లలందరి దగ్గరా రాయించుకున్నారు. మొదట గంగాభవానిని పిలిచారు.

"ఏ పేరు రాయమంటారండి?"

"నీ పేరే."

"నా పేరు గంగాభవానండి."

శ్రీరామ్మూర్తిగారు పెన్ను పట్టుకుని ఆలోచించారు. న్యాయం ఎక్కడా తప్పకూడదు. "అదే రాయి. పక్కన బ్రాకెట్లో నకిలీ అని రాయి" అన్నారు.

ఆ పిల్ల గుండ్రటి అక్షరాలతో అలాగే రాసింది. వెనక పదకొండుమందీ రాశారు. బస్సు దిగేటప్పుడు ఎల్లారావు, "రెండ్రోజులు రాకండమ్మా. ఇంటికాడుండండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ తను వెళ్లేసరికి పన్నెండుమందీ ఇసకలో ఉన్నారు. ఎవరూ నిన్నటి సంగతి ఎత్తలేదు. గంగాభవాని గీతలు గీసింది. ఆట సగంలో ఉండగా ట్యాంకుల పక్క రోడ్డుమీద మూడు ఆటోలు వచ్చి ఆగాయి. వాటిలోంచి పన్నెండుమంది అమ్మాయిలు దిగారు. పొడుగమ్మాయి ముందుకొచ్చింది.

"ఎల్లారావుగారంటే మీరేనాండి? కప్పు గెలిచిన జట్టు వచ్చే నెల హుబ్లీలో ఆడాలంటండి. గురునాథరావుగారు మమ్మల్ని వెళ్లమన్నారు" అంది. తరవాత గొంతు తగ్గించింది. "మాది డ్యాన్సు స్కూలండి. కబడ్డీ మాకు తెలీదు. ఓడిపోతే ఓడిపోతాం, ఎముకలు విరుగుతాయేమోనని భయంగా ఉందండి."

ఎల్లారావు ఆ పిల్ల వైపు చూశాడు. దాని వయసూ గంగాభవానిలాగే పదిహేడే ఉంటుంది. కెప్టెన్ వైపు తిరిగాడు. గంగాభవాని నడుం మీద చేతులు పెట్టుకుని ఆ అమ్మాయిని పైనుంచి కిందిదాకా చూసింది.

"నీ పేరేటి?" అని అడిగింది.

ఆ అమ్మాయి చేతిలో కాగితం ఒకసారి చూసుకుంది. "గంగాభవాని అండి" అంది.

"సెప్పులిప్పి లోపలికి రా, గంగాభవానీ" అంది నకిలీ గంగాభవాని.