మాట్లాడకూడని మనిషి

నవంబరులో ఆ శనివారం పొద్దున గోర్డీ టోలెఫ్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవడం, కూతురు బ్రిట్టాకి గుడ్లు వేయించి పెట్టడం, తొమ్మిదింటికల్లా స్కూలు ఈతకొలను చేరుకుని ముందు వరసలో సీట్లు పట్టడం, పోటీ అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవడం. ఈ నాలుగోది భార్య లోర్నా చేర్చింది. మొదటి మూడూ అతను సవ్యంగానే చేశాడు.

బ్రిట్టాకి పదిహేడేళ్లు. స్ప్రింగ్‌బోర్డు మీంచి దూకడంలో అంతటి పిల్ల మా ఊరు బిర్చ్ ఫాల్స్‌లో ఇంతవరకూ పుట్టలేదని గోర్డీ వాదన. తను మాత్రం మోకాలి లోతు దాటి ఏ నీళ్లలోనూ దిగిన పాపాన పోలేదు. అయినా ఆరేళ్లుగా గరాజులోంచి కారు బయటికి తోసి, లోపల ట్రాంపొలిన్ వేసి, చుట్టూ పాత పరుపులు పరిచి కూతురి చేత పల్టీలు కొట్టిస్తున్నాడు. ఆ పిల్ల గాల్లోకి లేస్తే ఊపిరి బిగబట్టేది ఇతను. అతని టైర్ల కొట్టుకి వచ్చినవాళ్లు టైరు మార్పించుకునేలోపు డైవింగులో పాఠం కూడా చెప్పించుకుని వెళ్లాల్సిందే.

ఆ వారమే ఒక విశ్వవిద్యాలయం హెడ్ కోచ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. శనివారం తమ అసిస్టెంటు కోచ్ వచ్చి బ్రిట్టాని చూస్తారనీ, జట్టులో చోటు ఇవ్వాలా వద్దా అన్నది ముఖ్యంగా ఆమె రివర్స్ డైవుని బట్టి తేలుతుందనీ అందులో ఉంది. కింద ఇంకో ముక్క ఉంది. పోటీ పూర్తయ్యేదాకా అమ్మాయితో గానీ తల్లిదండ్రులతో గానీ తమవాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నది నిబంధన, ఏమీ అనుకోవద్దు అని. ఆ అసిస్టెంటు ఉద్యోగంలో చేరి వారమే అయిందట. వెబ్‌సైటులో ఇంకా ఫొటో కూడా పెట్టలేదు.

అసలు చిక్కంతా ఆ రివర్స్ దగ్గరే ఉంది. బోర్డు మీద ముందుకు నడిచివెళ్లి, పైకి లేచి, వెనక్కి, అంటే బోర్డు వైపే పల్టీ కొట్టాలి. సెప్టెంబరులో ఒకసారి బ్రిట్టా పాదం బోర్డు అంచుకి తగిలింది. దెబ్బ చిన్నదే, భయం పెద్దది. అప్పట్నుంచీ ఆ డైవు అనగానే చివరిదాకా నడిచివెళ్లి ఆగిపోతోంది. స్కూలు కోచ్ మార్లిస్ ఆలోచించి ఆలోచించి, పదకొండు డైవుల జాబితాలో దాన్ని చిట్టచివర వేసి, ముందురోజే నిర్వాహకులకి ఇచ్చేసింది. ఇక మార్చడానికి లేదు. రాసిన డైవే చేయాలి, లేదా సున్నా తెచ్చుకోవాలి.

"నాన్నా, ఆ కోచ్ ఎక్కడ కూర్చున్నారో నాకు మాత్రం చెప్పకు," అంది బ్రిట్టా కారులో. "చూస్తున్నారని తెలిస్తే నా కాళ్లు కదలవు."

"నేనెందుకు చెప్తాను తల్లీ? నాకేం పని?"

"నీకు వేరే పనేముంది?" అంది లోర్నా, కిటికీలోంచి మంచు చూస్తూ.

సీట్లకోసం పరిగెత్తే తొందరలో గోర్డీ గుమ్మం దగ్గరే ఒకావిడని గుద్దేశాడు. చేతిలో కాఫీ కాస్తా ఆవిడ చలికోటు నిండా ఒలికింది. "అయ్యయ్యో! క్షమించాలి మేడం, చూసుకోలేదు," అంటూ, ఆ కోటు మీద ఏ బొమ్మ ఉందో చూడకుండానే విప్పించి, ఉండచుట్టి ఆవిడ సంచిలో కుక్కేశాడు. లోర్నా సిగ్గుతో చచ్చిపోయి, తన బుట్టలోంచి కొత్త టీషర్టు ఒకటి తీసి ఇచ్చింది. దాని మీద బ్రిట్టా ఫొటో, కింద "బ్రిట్టా బృందం" అన్న అక్షరాలు. గోర్డీ అలాంటివి పన్నెండు అచ్చు వేయించాడు. ఆవిడ ఏదో చెప్పబోయి, ఆ పేరు చూడగానే టక్కున నోరు మూసుకుంది. కాసేపు ఆలోచించి, నవ్వి, టీషర్టు తొడుక్కుంది.

"చూశావా, ఎంత మంచి మనిషో!" అన్నాడు గోర్డీ, ఆవిడని తన పక్కనే కూర్చోబెట్టి.

సరిగ్గా అప్పుడే అతనికి ఇంకో మనిషి కనబడ్డాడు. కొలను పైనున్న గ్యాలరీ ఆ చివర రెయిలింగు పక్కన, ఎర్రటోపీ పెట్టుకుని, చేతిలో అట్టా, కాగితాలూ పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. స్కూలు ప్రిన్సిపాల్ ఎదురొచ్చి ఏదో అడిగితే తల మాత్రం ఊపాడు. పిల్లల తల్లి ఒకామె పలకరిస్తే అదీ లేదు.

"అదిగో! ఆయనే!" గోర్డీ భార్య మోచెయ్యి గిల్లాడు. "నోరు విప్పట్లేదు చూడు!"

"మన ఊళ్లో సగంమంది విప్పరు గోర్డీ."

"ఇది ఆ మౌనం కాదు లోర్నా. ఇది నిబంధన మౌనం."

పోటీ మొదలైంది. బ్రిట్టా మొదటి మూడు డైవులూ చుక్క నీరు చిందకుండా చేసి రెండో స్థానంలో నిలబడింది. కానీ ప్రతి డైవుకీ ఎర్రటోపీ ఆయన పైకి చూసి, తల అడ్డంగా ఊపి, ఏదో రాసుకుంటున్నాడు. పిల్ల నీళ్లలో పడ్డాక కూడా ఆయన చూపు పైనే ఉంటోంది.

"ఎత్తు చాల్లేదంటున్నాడు," అని గోర్డీ గొణిగాడు. ఇక ఆగలేక, వెళ్లి రెయిలింగు మీంచి సగం కిందికి వంగాడు. "తల్లీ! అటు చూడకు గానీ, ఆ ఎర్రటోపీ ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇంకాస్త ఎత్తుకి లేవాలి!"

బ్రిట్టా అటు చూసింది. "నాన్నా! చెప్పొద్దన్నానా?"

"నేనెక్కడ చెప్పాను? ఎత్తు సంగతి చెప్పాను."

నాలుగో డైవుకి కొలనులో నీళ్లు జడ్జీల బల్లదాకా ఎగిరాయి. అయిదోది అంతకన్నా ఘోరం. మార్లిస్ వచ్చి గోర్డీని రెయిలింగు దగ్గర్నుంచి తరిమింది.

చేసిన తప్పు దిద్దుదామని గోర్డీ ఇంకో తప్పు చేశాడు. లోర్నా చేసిన తియ్యటి నిమ్మకాయ బార్ల పళ్లెం తీసుకెళ్లి, మాట్లాడకుండా, ఎర్రటోపీ ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని చూసి, ముఖం చిట్లించి, బుగ్గ మీద చెయ్యి వేసుకుని, వద్దని తల ఊపాడు. "నిప్పులాంటి మనిషి! తీపి ముక్క కూడా ముట్టడు," అని గోర్డీ తిరిగొచ్చి చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పాడు. గుట్టుగా ఉంచమని కూడా చెప్పాడు.

పావుగంటలో గ్యాలరీ అంతటికీ ఆ గుట్టు తెలిసిపోయింది. తక్కిన పిల్లల తండ్రులు ఒక్కొక్కరే ఎర్రటోపీ పక్కకి చేరి, ఆయనతో కాకుండా గోడతో మాట్లాడడం మొదలెట్టారు. "మా కార్లాకి లెక్కల్లో ఎప్పుడూ మొదటి మార్కే!" అని ఒకాయన గోడకి విన్నవించుకున్నాడు. ప్రిన్సిపాల్ స్వయంగా కుర్చీ మోసుకొచ్చి వేశాడు. ఆయన బెదిరిపోయి పది అడుగులు పక్కకి జరిగితే, అందరూ మర్యాదగా పది అడుగులు జరిగారు.

బ్రిట్టా ఆరో స్థానానికి జారింది. గోర్డీ కుర్చీలో కూలబడ్డాడు. పక్కన టీషర్టు ఆవిడ ఇంతసేపూ ఒక్క మాటా అనలేదు. గోర్డీ పక్కన కూర్చున్నవాళ్లకి అది మామూలే కాబట్టి అతను గమనించలేదు.

"మీకు చెప్తే తప్పేం లేదు గానీ, మేడం," అన్నాడు గొంతు తగ్గించి, "ఆఖరి డైవు రివర్స్. అదంటే మా పిల్లకి వణుకు. ఆ ఎర్రటోపీ ఆయనకి తెలియకూడదు. మీరు ఎవరికీ చెప్పరు కదా?"

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"దాని తప్పు కాదండీ. ఆ రోజు బోర్డు తగిలాక పిల్ల నవ్వుతూనే పైకి తేలింది. నేనే గట్టిగా ఏడ్చాను. నా మొహం చూశాకే దానికి భయం పట్టుకుంది. అది నా భయమండీ, పాపం తను మోస్తోంది." గోర్డీ కళ్లు తుడుచుకున్నాడు. ఆరేళ్లుగా కూతుర్ని తయారుచేస్తున్నానని చెప్పుకునేవాడికి, ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఆవిడ అతని వైపు తిరిగి, పళ్లెంలోంచి ఒక బారు తీసి అతని చేతిలో పెట్టింది.

పదో రౌండు అయింది. బ్రిట్టా మెట్ల దగ్గర నిలబడి చిన్న తువ్వాలుని పదేపదే పిండుతోంది. అంతలో ఎర్రటోపీ ఆయన కాగితాలు మడిచి, చుట్టూ ఉన్న తండ్రుల్ని తోసుకుని తలుపు వైపు నడిచాడు.

"పోతున్నాడు! రివర్స్ చూడకుండానే పోతున్నాడు!" గోర్డీ మెట్లమీద పరుగు తీశాడు. తలుపు దగ్గర ఆయనకి అడ్డంగా నిలబడ్డాడు. మాట్లాడకూడదు కదా! చేతులు జోడించాడు. కొలను చూపించాడు. ఒక వేలు చూపించాడు. చివరికి ఉన్నచోటే ఎగిరి, వెనక్కి వంగి రివర్స్ ఎలా ఉంటుందో చూపించబోయి, తడినేల మీద జారి కూర్చున్నాడు.

ఆయన నోట్లోంచి దూదిఉండ తీశాడు. "అయ్యా, పొద్దున్నే దవడ పన్ను పీకించుకున్నాను. మీ పైకప్పు కారుతోందంటే ఎన్ని పలకలు మార్చాలో చూడ్డానికొచ్చాను. నలభై. ఇక నన్ను పోనిస్తారా?"

కింద కూర్చున్న గోర్డీకి కొలను కనబడలేదు. వెనకాల బోర్డు కంపించిన చప్పుడు వినబడింది. తరవాత నీళ్లలో, ఎవరో గుడ్డ చింపినట్టు చిన్న శబ్దం. తరవాత గ్యాలరీ గ్యాలరీ అంతా లేచి అరిచింది. అతను లేచి వెళ్లేసరికి బ్రిట్టా నీళ్లలోంచి తల బయటపెట్టి పగలబడి నవ్వుతోంది. జడ్జీల బల్ల దగ్గర నిర్వాహకుడు పదికి తొమ్మిదేసి మార్కులు చదువుతున్నాడు. ఆరో స్థానం మూడోది అయింది.

"చూశావా?" అంది లోర్నా, ఏడుస్తూ.

"లేదు," అన్నాడు గోర్డీ, తనూ ఏడుస్తూ. "అతను కోచ్ కాదు లోర్నా. పైకప్పు మనిషి."

పతకాలు ఇవ్వడం అయ్యాక మార్లిస్ బ్రిట్టా భుజం తట్టి, "ఇక నువ్వు వెళ్లొచ్చు," అంది. ఆ మాటకోసమే కాచుకున్నట్టు టీషర్టు ఆవిడ లేచి నిలబడింది.

"హమ్మయ్య! మూడు గంటలు! నా జన్మలో ఇంతసేపు నోరు మూసుకోలేదు. నా పేరు నడీన్. ఆ ఈమెయిల్‌లో చెప్పిన అసిస్టెంటు కోచ్‌ని నేనే."

గోర్డీ ఆవిడ సంచిలోని కోటు వైపు చూశాడు. కాఫీ, టీషర్టు, రహస్యం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"కంగారు పడకండి సార్. ఒక్క అమ్మాయి గురించి ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు," అని నడీన్ బ్రిట్టా వైపు తిరిగింది. "బోర్డు చివర నిలబడి ఎందుకు నవ్వావు?"

"పైకి చూశాను. ఆ టోపీ ఆయన లేడు. నాన్న కూడా లేడు. ఎవరూ చూడట్లేదు, ఇంక నా కోసం నేను దూకుదాం అనిపించింది. భయం వెయ్యలేదు."

"నేను చూశాను. అలా దూకే పిల్ల కోసమే వెతుకుతున్నాం. మా జట్టులో నీకు చోటు ఉంది."

బ్రిట్టా తడిబట్టలతోనే తండ్రిని చుట్టేసింది. గోర్డీ మాట్లాడలేకపోయాడు. లోర్నా అతని తరఫున కూడా మాట్లాడింది.

"జనవరిలో ముగ్గురూ వచ్చి మా కొలను చూడండి," అంది నడీన్, టీషర్టు సర్దుకుంటూ. "మీరు కూడా తప్పకుండా రావాలి సార్. మీ సీటు అవతలి గట్టున, బోర్డుకి బాగా దూరంగా, ప్రత్యేకంగా అట్టేపెట్టిస్తాను."

గోర్డీ ఆ గౌరవానికి పొంగిపోయి వారం రోజులు కొట్లో అందరికీ చెప్పుకున్నాడు. జనవరిలో వెళ్లి చూస్తే అవతలి గట్టున గోడ తప్ప ఇంకేమీ లేదు.