లింబాద్రి మామ ఫ్లెక్సీ

ఆ రోజు వందన వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పొద్దున ఏడు గంటలకు కామారెడ్డిలో బస్సెక్కాలి. ఎనిమిదిన్నరకు ఎల్లారెడ్డిలో దిగి, చంకలో ఉన్న ఫ్లెక్సీని ఘనీ చాచా చాయ్ హోటల్ ముందున్న స్తంభానికి కట్టాలి. మధ్యాహ్నం మూడింటికి కాలేజీ నుంచి సయీదా మేడం వస్తుంది. హోటల్ దగ్గర కనబడ్డ ఇరవై మందిని ఆపి, "ఈ బోర్డు ఏం చెబుతోంది?" అని అడుగుతుంది. వాళ్లలో పదిమంది సరిగ్గా చెబితే ప్రాజెక్టు పాసు. చెప్పకపోతే వందన హెల్త్ కమ్యూనికేషన్ డిగ్రీ ఇంకో ఏడాది సాగుతుంది.

ఇది రెండో అవకాశం, ఆఖరుది కూడా. మొదటిసారి ఆమె బీపీ మీద నాలుగు పేజీల కరపత్రం అచ్చు వేయించి ఇదే హోటల్ దగ్గర పంచింది. ఎల్లారెడ్డి జనం దాన్ని ఎంతో ఆదరించి, అందులో మిర్చి బజ్జీలు కట్టుకుని పోయారు. "తెలిసిన మొఖం ఒకటి, గుర్తుండే మాట ఒకటి. అంతకుమించి వద్దు," అని సయీదా మేడం ప్రాజెక్టు తిప్పి పంపింది. అసలు మూడేళ్లుగా వందనకు ఇదే బాధ. "డాక్టర్ గాదు, నర్సు గాదు, గిదేం సదువు బిడ్డా?" అని చుట్టాలు అడగడం, "జనానికి అర్థమయ్యేటట్టు చెప్పుడు నేర్పుతరు," అని ఈమె చెప్పడం, ఆ మాట ఒక్కరికీ అర్థం కాకపోవడం.

తెలిసిన మొఖం అంటే ఆమెకు మేనమామ లింబాద్రే గుర్తొచ్చాడు. ఎల్లారెడ్డిలో ఆయనది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటారు కాలిన రైతు ఎవరైనా ఆయన గడప తొక్కాల్సిందే. పైగా నాలుగేళ్లుగా బీపీ ఉన్న మనిషి. బీపీ గోలీ చేత్తో పట్టుకుని ఒక ఫొటో దిగమని వందన బతిమాలింది. "గోలీ వట్టుకుంటే రోగిష్టోని లెక్క కనవడ్త," అని ఆయన ససేమిరా అన్నాడు. అని, కూతురు పెళ్లినాటి ఫొటో ఇచ్చాడు. తెల్లంగి, తెల్ల ప్యాంటు, వచ్చిన వాళ్లకు రెండు చేతులూ జోడించి పెద్ద నవ్వు.

కామారెడ్డిలో ఫ్లెక్సీ షాపతను ఆ ఫొటో చూసి ఇంకేమీ అడగలేదు. మామను ఆరడుగుల ఎత్తున నిలబెట్టి, వెనకాల రంగురంగుల వెలుగులు పెట్టి, రాతను తీసుకెళ్లి కాళ్ల దగ్గర సన్నగా ఇరికించాడు. "అక్షరాలు జెర పెద్దగ పెట్టున్రి," అంది వందన. "గిట్లనే బాగుంటది మేడం, అందరికి గిట్లనే ఏస్తున్నం," అన్నాడతను. ఆ అందరూ ఎవరో వందన అడగలేదు. మున్సిపల్ ఎలక్షన్లు ఇవాళో రేపో అన్నట్టున్న రోజుల్లో ఫ్లెక్సీ షాపుకు ఎవరు పోతారో ఆమె ఆలోచించి ఉండాల్సింది. తొందరలో ఉన్న పిల్ల, ఏం చేస్తుంది!

ఘనీ చాచా నిచ్చెన తెచ్చి, తనే ఎక్కి ఫ్లెక్సీ కట్టాడు. దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

"మాషా అల్లా! లింబాద్రి భాయ్ నాకు ఒక్క మాటన్న చెప్పలే చూడు!"

"గిండ్ల చెప్పేదేమున్నది చాచా, అందరి మంచికే గదా," అంది వందన, ఫొటోను మెచ్చుకుంటున్నాడనుకుని.

"హౌ, హౌ. మంచే చేస్తడు," అని ఘనీ చాచా లోపలికి పోయి, చాయ్ తాగడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ శుభవార్త వడ్డించాడు.

తొమ్మిదింటికి వందన తనే ఒక పరీక్ష పెట్టి చూద్దామనుకుంది. బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన దగ్గరికి పోయింది.

"తాతా, ఆ బోర్డు ఏం చెప్తుంది?"

"చెప్పేదేముంది? లింబాద్రి కౌన్సిలర్‌కు నిలబడ్డడు."

వందన బోర్డు కిందికి వేలు చూపింది. "అయ్యో, గది గాదు తాతా! కింద రాసింది సదువు!"

"కింద రాసేటియి హామీలు బిడ్డా. గెలిచినోళ్లే మళ్ల సదువుకోరు, నేనెందుకు సదువాలె?"

ఇంకో పదకొండు మందిని అడిగింది. పదకొండు మందీ అదే మాట. ఒకాయన మాత్రం, "ఫొటోల మనిషి సన్నగైండు, ఎలక్షన్ ఖర్చు భయమేమో," అని కూడా జోడించాడు. బోర్డు మీద నల్లని అక్షరాలతో, అచ్చ తెలుగులో, తప్పుల్లేకుండా రాసి ఉంది: 'బీపీ గోలీ రోజూ మింగాలి. మంచిగున్నదని మానొద్దు. నేను ఒక్కరోజూ మానలేదు. మీ లింబాద్రి.' కళ్లున్న జనం, చదువొచ్చిన జనం, ఒక్కరి చూపూ మామ మెడ దాటి కిందికి దిగడం లేదు.

పది కాకముందే లింబాద్రి మోటార్ సైకిల్ మీద దూసుకొచ్చాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది.

"వందనా! ఏం జేసినవే? షాపుకు నలుగురొచ్చి ఏ పార్టీ అని అడుగుతుండ్రు! నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఫొటో నువ్విచ్చిందే గద మామా! గోలీ వట్టుకొమ్మంటే వట్టుకున్నవా?"

ఆయన ఇంకేదో అనబోతుండగా వెనక నుంచి ఎవరో భుజాల మీద శాలువా కప్పారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. జన్మలో మొదటిసారి శాలువా పడిన మనిషి; కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. ఒక ముసలమ్మ వచ్చి చేయి పట్టుకుంది. "మా ఇంటి ముంగట మోరి నిండి వాసనొస్తుంది కొడుకా, జెర జూడు." "చూస్తతియ్ అవ్వా," అన్నాడు లింబాద్రి. మోటారు తెచ్చిన ప్రతి రైతుకూ ఆయన రోజూ చెప్పే మాటే అది. పది నిమిషాల్లో అది నాలుగు గల్లీలు తిరిగి, వార్డులోని మురికి కాలువలన్నీ నెలరోజుల్లో సాఫ్ చేయిస్తానని లింబాద్రి మాటిచ్చినట్టు వెనక్కి వచ్చింది.

వందన పరుగెత్తి ఒక తెల్ల చార్టు, మార్కరు కొనుక్కొచ్చింది. అరచేయంత అక్షరాలతో 'ఇది ఎలక్షన్ బోర్డు కాదు' అని రాసి ఫ్లెక్సీ పక్కన అంటించింది. ఈసారి అందరూ చదివారు. శ్రద్ధగా చదివారు.

"ఓహో, టికెట్ ఇంక ఖాయం గాలేనట్టుంది," అన్నాడొకడు.

"ఇండిపెండెంట్ గావచ్చు," అన్నాడు ఇంకొకడు.

"గందుకే ఇప్పుడే బయటవెట్టద్దని రాసిండు. తెలివిగల్లోడు," అని ముసలాయన తీర్పు చెప్పాడు.

వందనకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. రాస్తే ఇట్లా అయితే నోటితో చెబుదామని, ఉల్లిగడ్డలమ్మే మైకు ఆటోను ఆపి డ్రైవర్ కాళ్లావేళ్లా పడింది. పక్కన కూర్చుని, మైకు పట్టుకుని, గల్లీ గల్లీ తిరిగింది. "లింబాద్రి గారు ఎలక్షన్లలో నిలబడటం లేదు. దయచేసి బోర్డు కింద రాసింది చదవండి!" ఆటో తిరిగి హోటల్ దగ్గరికి వచ్చేసరికి జనం రెండింతలయ్యారు. ఎలక్షన్లు రాకముందే మైకు బండి తిప్పుతున్నాడంటే లింబాద్రి మామూలోడు కాదని అందరూ అనుకుంటున్నారు.

మైకులో మొగుడి పేరు విని లింబాద్రి భార్య భూమక్క కూడా వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకునే వచ్చింది.

"నాకొక్క మాట జెప్పకుండ నిలబడ్డవా? ఇంట్ల నల్లా కారవట్టి ఆర్నెల్లాయె. గది బాగుజేయనోనివి వార్డు బాగుజేస్తవా?"

"అత్తమ్మా, మామ నిలబడ్తలేడు!" అని మొత్తుకుంది వందన. "మామా, నువ్వన్న చెప్పు అందరికి!"

లింబాద్రి శాలువా సర్దుకున్నాడు. "చెప్త బిడ్డా, జెర ఆగు. ఇంతమంది వచ్చినంక ఉత్తగ ఎల్లగొట్టుడు మర్యాద గాదు," అన్నాడు. అని, ఇంకో నాలుగు మోరీలు చూస్తానన్నాడు. వందనకు ఏడుపొచ్చింది. సందేశం పంపేవాడు, సందేశం అందుకునేవాడు, మధ్యలో అడ్డంకులు అని మూడేళ్లు బొమ్మలు గీసింది ఆమె. పోస్టర్ మీది మనిషే పోస్టర్‌కు అడ్డం పడితే ఏం చేయాలో ఏ పాఠంలోనూ రాయలేదు.

పన్నెండింటికి వార్డు కౌన్సిలర్ శ్రీకాంత్ దిగాడు. రెండోసారి నిలబడాలని చూస్తున్న మనిషి. ఫ్లెక్సీ ముందు నిలబడి ఎగాదిగా చూశాడు. ఆయన కూడా చదవలేదు గానీ 'బీపీ' అన్న రెండక్షరాలు మాత్రం కంట్లో పడ్డాయి.

"ఏం లింబాద్రన్నా, నేనేం తక్కువ జేసిన నీకు? ఆరోగ్యం మీద ఓట్లు గొడ్దామనుకుంటున్నవా?"

"శ్రీకాంతన్నా, నేను చెప్పేది ఇనున్రి, ఇది నా కాలేజీ..." అని వందన మొదలుపెట్టింది.

"నువ్వాగు చెల్లే," అని ఆయన అప్పటికే ఫోన్ తీశాడు. ఒంటిగంటకు హోటల్ ఎదురుగా టెంటు లేచింది. ఒకటిన్నరకు కుర్చీలు వచ్చాయి. రెండింటికి బీపీ మిషన్‌తో ఒక నర్సు వచ్చింది. 'శ్రీకాంత్ ఆధ్వర్యంలో ఉచిత బీపీ పరీక్షలు' అని మైకులో చెప్పడం మొదలైంది. చాయ్ ఉచితం అని కూడా చెప్పడంతో రోడ్డు నిండిపోయింది.

మూడింటికి సరిగ్గా సయీదా మేడం బస్సు దిగింది. టెంటును చూసింది, మైకును విన్నది, శాలువాలో ఉన్న లింబాద్రిని, ఆరడుగుల లింబాద్రిని మార్చి మార్చి చూసింది. కాగితం తీసి పని మొదలుపెట్టింది.

"ఈ బోర్డు ఏం చెబుతోందండి?"

"లింబాద్రి నిలబడ్డడు."

"మోరీలు సాఫ్ చేయిస్తడట."

"శ్రీకాంత్ మీద పోటీ."

"ఇండిపెండెంటట. పైకి చెప్పొద్దన్నరు."

పదిమందిని అడిగింది. పది సున్నాలు వేసింది. ఒక్కో సున్నా పడినప్పుడల్లా వందనకు రాబోయే ఏడాదిలో ఒక్కో నెల కళ్ల ముందు తిరిగింది.

"ఇక మిగిలింది పదిమందే వందనా," అంది మేడం మెల్లగా. "పదిమందీ చెప్పాలి. ఒక చాయ్ తాగి అడుగుదాం."

వందన చాయ్ పట్టుకుని కూర్చుంది, తాగలేదు. అప్పుడే టెంటులో శ్రీకాంత్ మైకు అందుకున్నాడు. "మన లింబాద్రన్న గూడ రావాలె. ముందుగాల ఆయనకే చూడాలె. పెద్దమనిషి!" జనం చప్పట్లు కొట్టారు. శాలువాతో ఉన్న మనిషి, అంతమందిలో కాదనలేక పోయి కుర్చీలో కూర్చుని చేయి చాపాడు. నర్సు గాలి కొట్టింది, దించింది, మళ్లీ కొట్టింది.

"పైన నూట తొంభై, కింద నూట పది," అంది. "గోలీలు మింగుతున్నరా?"

లింబాద్రి శాలువా అంచు సర్దుకున్నాడు.

"ఏం మింగుతుండు!" అంది భూమక్క, టెంటు గుంజ దగ్గర నిలబడి. "తలకాయ నొస్తలేదు, మంచిగనే ఉన్న అని దసరా నుంచి ముడితే ఒట్టు! నేను చెప్తే ఇంటడా? నేనేమన్న డాక్టర్నా?" చివరి మాటకు ఆమె నడుముకు చెక్కిన కొంగు లాగి కళ్లు తుడుచుకుంది. జనం నవ్వబోయి ఆగారు. వందన చేతిలో గ్లాసు పక్కన పెట్టేసింది. ఆమెకు ఆ క్షణంలో ప్రాజెక్టు గుర్తు లేదు, మామ మీద పట్టలేని కోపం వచ్చింది, వెనకాలే భయమేసింది.

శ్రీకాంత్‌కు మాత్రం పండుగైంది. టెంటులోంచి దూకినట్టు బయటికి వచ్చి, ఫ్లెక్సీ కిందికి పోయి, వంగి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అన్నలారా, అక్కలారా! ఈయన రాసిందేంది, చేసేదేంది, మీరే ఇనున్రి! 'బీపీ గోలీ రోజూ మింగాలి!' మింగిండా?"

"మింగలే!" అన్నారు జనం.

"'మంచిగున్నదని మానొద్దు!' మానిండా లేదా?"

"మానిండు!"

"'నేను ఒక్కరోజూ మానలేదు!' గిది సూడున్రి అబద్ధం! ఇంకోసారి సదువుత, అందరు ఇనున్రి!" అని మొదటి నుంచి మళ్లీ చదివాడు. రోడ్డుకు అవతలి వాళ్లకు వినబడలేదంటే వాళ్ల కోసం మూడోసారి, పదం పదం ఆపి, చేయి ఊపుతూ చదివాడు. చాయ్ గ్లాసులతో జనం ఆయన వెంట పలికారు.

సయీదా మేడం గ్లాసు కింద పెట్టి, కాగితం తీసుకుని లేచింది. పదకొండో మనిషి ఆ ముసలాయనే.

"ఈ బోర్డు ఏం చెబుతోంది తాతా?"

"బీపీ గోలీ రోజు మింగాలె. మంచిగున్నదని మానొద్దు. గా లింబాద్రి మానిండు సూడు, నూట తొంభై!"

పన్నెండో మనిషి చెప్పాడు. పదమూడో ఆమె మేడం అడగకముందే చెప్పింది. ఘనీ చాచా చాయ్ పోస్తూ చెప్పాడు. పంతొమ్మిది దాకా ఒక్క మాట తప్పు పోలేదు. ఇరవయ్యో మనిషి కోసం మేడం చుట్టూ చూసి, నేరుగా కుర్చీలో ఉన్న లింబాద్రి దగ్గరికే పోయింది. భూమక్క అప్పటికే షాపు డ్రాయరులో పడున్న గోలీల పట్టీ తెచ్చి, నీళ్ల గ్లాసుతో మొగుడి నెత్తి మీద నిలబడి ఉంది.

లింబాద్రి గోలీ మింగాడు. శాలువా తీసి మడిచాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"రోజూ మింగాలె మేడం. మంచిగున్నదని మానొద్దు." వందన వైపు తిరిగాడు. "కింద గా మూడో మాట కొట్టెయ్యి బిడ్డా."

సాయంత్రం కామారెడ్డి బస్సులో వందన, పక్కనే కూర్చున్న మేడం సంతకం కోసం రికార్డు పూర్తి చేస్తూ, 'సందేశాన్ని ప్రజలకు చేరవేసిన మాధ్యమం' అన్న గడిలో 'ఫ్లెక్సీ' అని రాసి, కొట్టేసి, 'కౌన్సిలర్' అని రాసింది.