తనిఖీకి నిలబడ్డ మునిస్వామి

ఆ బుధవారం ఉదయం యశ్వంత్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి హోమ్ కేర్ కంపెనీ నుంచి తనిఖీకి మనిషి వస్తుంది. ఆలోగా ఇల్లు భద్రంగా కనిపించాలి. మోకాలి ఆపరేషన్ అయిన తండ్రి మునిస్వామి కోసం మంచం పక్కనా, బాత్రూమ్ ముందూ, వంటింట్లోనూ కాలు జారనివ్వని మ్యాట్లు పరిచాడు. అయితే కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ కవర్ తీసే అలవాటు ఆ ఇంట్లో లేదు. టీవీ రిమోట్‌కీ, సోఫాకీ, కారు సీట్లకీ ఉన్నట్టే మ్యాట్లకూ కవర్లు ఉంచేసి, మురికి పట్టవన్న తృప్తితో మాదాపూర్ ఆఫీసుకు వెళ్లిపోయాడు.

వాటి మీద మునిస్వామి జారలేదు. ఆయన్ను జారకుండా చూడటానికి హఫీజ్‌పేట్ నుంచి రోజూ వచ్చే రుక్కమ్మ జారింది. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది.

మునిస్వామి అనంతపురం వైపు బస్సులు నడిపి రిటైరైన మనిషి. రుక్కమ్మ కంటే ముందు కంపెనీ నరేందర్ అనే కుర్రాణ్ణి పంపింది. ప్రోత్సాహం పేరుతో వాడు అన్నిటికీ చప్పట్లు కొట్టేవాడు. మాత్ర మింగితే చప్పట్లు, నాలుగడుగులు వేస్తే చప్పట్లు, బాత్రూమ్ నుంచి బయటికొస్తే మరీ గట్టిగా. రుక్కమ్మ చప్పట్లు కొట్టదు, తిడుతుంది. అందుకే ఆమె ఉంటే పెద్దాయనకు ప్రాణం లేచి వస్తుంది. కానీ దెబ్బ తగిలిన మనిషిని ఆ రోజే పనిలోంచి తీసేసి ఇంకొకరిని పంపటం కంపెనీ పద్ధతి. ఇప్పుడు ఖాళీగా ఉన్నది నరేందరే.

"ఇగ నా పని అయిపోయింది పెద్దాయనా," అంది రుక్కమ్మ కాలు పట్టుకుని. "మేడం చూసిందంటే ఇయ్యాల్నే పొమ్మంటది."

"నువ్వు పండుకోమ్మా. నేనుండా కదా," అన్నాడు మునిస్వామి.

తన మంచం మీదే పడుకోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, వాపు కనబడకుండా దుప్పటి కప్పాడు. ఆమెకు ఇంత రాగిజావ కాచిపోద్దామని వంటింట్లోకి వెళ్లాడు. పంచె మీద చిందకుండా, కంపెనీ ఆమెకిచ్చిన నీలం కోటు తొడుక్కున్నాడు. ఒక చేత్తో వాకర్, ఒక చేత్తో గరిటె. అంతలో బెల్ మోగింది. తనిఖీకి రావాల్సిన భార్గవి గంట ముందే వచ్చేసింది.

ఆమె ఆ ఇంటికి రావటం అదే మొదలు. పేషెంట్ల వివరాలు బయటపడకూడదని ఆ కంపెనీ పేర్లకు బదులు ఫ్లాట్ నంబర్లే రాసుకుంటుంది. పనివాళ్లు ఎలాగూ మారిపోతుంటారు కనుక వాళ్ల పేర్లు అసలే రాసుకోదు. కోటులో ఒకరున్నారు, మంచం మీద ఒకరున్నారు. అనుమానించటానికి భార్గవికి ఏ కారణమూ కనబడలేదు.

"అంకుల్, పేషెంట్ వాకర్ మీరు వాడకూడదండీ," అని దాన్ని లాక్కెళ్లి మంచం దగ్గర పెట్టింది.

మునిస్వామి ఫ్రిజ్‌ను పట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెబితే రుక్కమ్మ వెళ్లిపోయి నరేందర్ వస్తాడని గుర్తొచ్చి మూసుకున్నాడు.

పేషెంట్‌ను మంచం మీంచి కుర్చీలోకి మార్చి చూపించమంది భార్గవి. పెద్దాయన గోడ పట్టుకుంటూ వచ్చి రుక్కమ్మ భుజాలు పట్టుకున్నాడు. ఒంటికాలి మీద లేచిన రుక్కమ్మ ఆయన నడుం పట్టుకుంది. రద్దీ బస్సులో నిలబడ్డ ఇద్దరు ప్రయాణికుల్లా ఊగుతూ కుర్చీ చేరారు. ఎవరు ఎవరిని మోశారో వాళ్లకే తెలియలేదు. పేషెంట్‌కు ఇంత నమ్మకం కలిగించిన మనిషిని తానింతవరకూ చూడలేదని భార్గవి మెచ్చుకుంది.

ఇదంతా యశ్వంత్ మీటింగ్‌లో కూర్చుని ఫోన్‌లోని ఇంటి కెమెరాలో చూశాడు. మంచం మీద ఎవరో, తండ్రి ఒంటి మీద ఎవరిదో కోటు. ఆదరాబాదరాగా బైక్ మీద వచ్చి పడ్డాడు.

"అమ్మగారు బాగా కోలుకుంటున్నారండీ," అంది భార్గవి.

ఆమె వెనకాల నుంచి మునిస్వామి రెండు చేతులూ జోడించాడు. యశ్వంత్‌కు ఏమీ అర్థం కాకపోయినా, అమ్మకు ఓపిక ఎక్కువని అనేశాడు.

కొడుకు బాగా చూసుకుంటున్నాడా అని భార్గవి పేషెంట్‌ను అడిగింది.

"చూస్తడమ్మా, ఫోన్ల చూస్తడు," అంది రుక్కమ్మ. "ఎదురుంగ కూసొని మాట్లాడక నెల దాటింది."

ఆ మాట ఎవరి తరఫున అందో తండ్రికీ కొడుక్కీ కూడా తెలిసింది. మునిస్వామి పొయ్యి వైపు తిరిగాడు. యశ్వంత్‌కు నిజంగానే సిగ్గేసింది.

జావ మాడిన వాసన వచ్చింది. భార్గవి స్టవ్ ఆపటానికి గబగబా వెళ్లి ప్లాస్టిక్ కవరున్న మ్యాట్ మీద కాలు పెట్టి సర్రున జారింది. మునిస్వామి వాకరూ లేదు, ఫ్రిజ్జూ లేదు, మూడంగల్లో వెళ్లి ఆమె భుజం మీది బ్యాగు పట్టి ఆపేశాడు. నెల రోజులుగా బాల్కనీ దాకా నడవమంటేనే మొండికేసిన మనిషి.

ఊపిరి తీసుకున్నాక భార్గవి అక్కడికక్కడే తీర్పు చెప్పింది. మ్యాట్లు పరిచినవాళ్లకు బుద్ధి లేదు. అమ్మగారికి ఇక మనిషి అక్కర్లేదు, ఇంట్లోవాళ్లు కాస్త కనిపెట్టుకుని ఉంటే చాలు. ఇలాంటి కేర్‌గివర్‌ను ఇక్కడ కూర్చోబెట్టటం దండగ. గోపన్‌పల్లిలో ఎవరి మాటా వినని ఒక మొండి పెద్దాయన ఉన్నారు, సోమవారం నుంచి డ్యూటీ అక్కడ.

యశ్వంత్ ఇక లాభం లేదని నిజం చెప్పబోయాడు. మునిస్వామి అడ్డొచ్చాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపినా పైవాళ్ల నోట ఒక్క మంచి మాట విన్న పాపాన పోలేదాయన.

"బండి మీరే పంపిస్తారామ్మా, నేనే రావాల్నా?" అని అడిగాడు.

సోమవారం ఉదయం బండి వచ్చింది. ఆయనకు క్యారేజీ కట్టి, నాలుగు తిట్టి, కుంటుకుంటూ వచ్చి ఎక్కించింది పేషెంటే.