అందరి చెయ్యీ పడ్డ స్వెటర్

కాఫీ తాగి, ఆసుపత్రికి బయలుదేరేలోగా నాలుగు వరసలు అల్లేద్దామని కోడలు ఆ ఉదయం అనుకుంది. ఆమె కంటి ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగి. ఆదివారం అత్తగారి పుట్టినరోజు. ఆ వేళకి తన చేత్తో, తనొక్కతే అల్లిన స్వెటర్ ఆవిడకి తొడగాలని పట్టుదల. దానికి కారణం లేకపోలేదు. మొగుడి ఫోనుకని అల్లిన సంచి మావగారి కళ్ళజోడుకి సరిపోయింది. ఆడపడుచు బిడ్డకని అల్లిన టోపీ టీ కెటిల్‌కి అతికినట్టు కుదిరింది. "మా వదిన అల్లినదేదీ వృథా పోదు, ఎవరికో ఒకరికి పడుతుంది," అని ఆడపడుచు చుట్టాలందరికీ చెప్పి పెట్టింది.

బీరువా అడుగున దుప్పట్ల కింద దాచిన అల్లిక తీసి, కోడలు ఉలిక్కిపడింది. నిన్న జానెడున్నది ఇవాళ మూరెడుంది. లెక్క తప్పాననుకుని పైదంతా విప్పేసింది. మర్నాడు ఇంకా పెరిగింది. మళ్ళీ విప్పింది.

అసలు సంగతి ఆ ఇంటి అలవాటులో ఉంది. సగంలో ఆగిన పని ఎవరి కంటపడితే వాళ్ళు చేసేసి, నోరెత్తకుండా తప్పుకుంటారు. చెప్పుకుంటే చేసిన సాయం చేదవుతుందని అత్తగారి సిద్ధాంతం. దుప్పటి కోసం బీరువా తెరిచిన ఆవిడకి అల్లిక దొరికింది. కొడుక్కే అయ్యుంటుందని, ఈ పిల్లకి తీరికెక్కడిదని జాలిపడి, కోడలు గుమ్మం దాటగానే కొడుకు ఎత్తుకి తగ్గట్టు అల్లుకుపోయారు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తే మావగారు అందుకున్నారు. అది భార్య పనే అనుకున్నారాయన. మోటార్లకి రాగితీగ చుట్టి చుట్టి రిటైరైన చేతులవి. ఆయన అల్లిన వరస వేలితో నొక్కినా లొంగదు. లేచి చూసిన అత్తగారు, ఈ వయసులోనూ తన చేతివేగం తగ్గలేదని మురిసిపోయారు. మర్నాడు అల్లిక తగ్గి కనిపిస్తే, పిల్ల ఏదో తప్పుపోయి విప్పుకుంది కాబోలని మళ్ళీ అందుకున్నారు.

కోడలికి తన కళ్ళ మీదే అనుమానం వచ్చింది. డాక్టరుగారు పరీక్షించి, కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, కాస్త విశ్రాంతి కావాలన్నారు. ఆ మాట మొగుడు తల్లి చెవిన వేశాడు. ఇక చూడాలి. అలిసిపోయిన పిల్లకి సాయం చెయ్యకపోతే పాపమని అత్తగారు, వంటకే వేళ చాలని భార్యకి సాయపడాలని మావగారు పోటీలు పడ్డారు. ఊలు అయిపోతే అత్తగారే తెచ్చి నింపారు, రంగు కాస్త తేడాగా. శనివారానికి కోడలు విప్పడం మానేసింది. వచ్చిందే వరమని ముందూ వెనకా కలిపి కుట్టేసింది. స్వెటర్‌కి చేతులు మాత్రం అల్లకుండా మిగిలిపోయాయి.

ఆదివారం పొట్లం విప్పిన అత్తగారు లోపలిది రెండు చేతులా పైకెత్తారు. భుజాలకి ఆనించుకుంటే స్వెటర్ మోకాళ్ళు దాటింది.

"ఇది వాడికి కాదూ?"

"మీకే అత్తయ్యా."

"అయ్యో, నేను వాడి కొలతకి అల్లుకుపోయానే."

మావగారు గొంతు సవరించుకున్నారు. "మధ్యలో చెక్కలా తగిలేది నాదేనే. నీ పనే కదా అని..."

కోడలు కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళ కష్టం పోయినందుకు కాదు. "ఇందులో నాదంటూ ఏమైనా ఉందా అత్తయ్యా?" అని మెల్లిగా అడిగింది.

అత్తగారు స్వెటర్ ఒళ్ళో పరుచుకుని వరసలన్నీ తడిమారు. "ఎందుకు లేదమ్మాయ్? ఈ పోగులు జారినచోట్లన్నీ నీవే."

ముందు నవ్వింది కోడలే. తర్వాత, తనల్లిన వరసలాగే బిగిసి ఉన్న మావగారి మొహం కూడా సడలింది. అత్తగారు ఊలు ఉండలు కోడలి ఒళ్ళో పోసి, చేతులు రెండూ నువ్వే అల్లాలని చెప్పి, ఇంట్లో ఎవరైనా సూది ముట్టుకుంటే ఊరుకోనని అందరికీ హెచ్చరిక చేశారు. ఆ తర్వాత ఆ రెండు చేతులూ పూర్తయ్యేదాకా మావగారు తన చేతులు కట్టుకునే తిరిగారు.

చలి మొదలైన రోజున అత్తగారు ఆ స్వెటర్ తొడుక్కుని, ఒక చేతిని మోచేయి దాకా మడిచి, రెండో చేతిని మణికట్టు దాకా లాక్కుంటూ వీధంతా తిరిగొచ్చారు. ఆ రెండూ కోడలు ఒక్కతే అల్లిందని ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేకపోయింది.